ఊపిరికి పూచీ

"ఇంకా ఆ గిన్నెలు కడగడం అవలేదా?" అన్నాడు డోనాల్, బురద బూట్లతోనే వంటింటి గుమ్మంలో నిలబడి.

ఫిడెల్మా తల తిప్పలేదు. అవి గిన్నెలు కావు. ఒకటి మందు పోసే కప్పు, ఒకటి దాని మూత, ఒకటి పిల్ల పళ్ళ మధ్య పెట్టుకునే గొట్టం, ఇంకొకటి గోరంత రబ్బరు బిళ్ళ. ఆ బిళ్ళ జారి సింకు కన్నంలో పడిందంటే ఆ పూటకి పిల్లకి మందు లేదు. మందుని ఆవిరి చేసే నెబ్యులైజర్ నడిపిన ప్రతిసారీ వీటిని విడదీసి సబ్బునీళ్ళలో కడగాలి, కడిగాక మరగబెట్టాలి, మరిగాక దులిపి శుభ్రమైన కాగితం మీద పరిచి చుక్క తడి లేకుండా ఆరనివ్వాలి. కూతురు ఊనా చంటిపిల్లగా ఉన్నప్పటినుంచీ, అంటే దాదాపు ఆరేళ్ళుగా, ఈ ఇంట్లో ఇది రెండు పూటలా జరుగుతోంది. ఆరేళ్ళుగా చూస్తున్న మనిషి వాటిని గిన్నెలంటాడు. దొడ్లో ఏ ఆవు ఏ ఆవుకి పుట్టిందో, దాని అమ్మమ్మ ఎన్ని పాలిచ్చేదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

"అవుతోంది," అంది.

"అక్కడ పాలు పిండాల్సిన వేళయింది. నాకు గ్రౌండుకి టైమైపోతోంది."

మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు డోనాల్ ఊరి పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాడు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు. పరుగెలా తియ్యాలో, పరుగులో ఊపిరెలా నిలుపుకోవాలో చెప్తాడు. పూజ అయ్యాక చర్చి బయట తండ్రులు ఆయన భుజం తట్టి వెళ్తారు. ఆ సాయంత్రాలు ఫిడెల్మా ఏప్రన్ విప్పి రబ్బరు బూట్లు తొడుక్కుని పాలషెడ్డులోకి వెళ్తుంది. ఆమె ఆవుల దగ్గరుండగా అత్తగారు డెలియా మనవరాలి పక్కన కూర్చుని మందు పట్టిస్తుంది. డోనాల్ గ్రౌండుకి వెళ్ళడాన్ని ఊరు సేవ అంటుంది. ఫిడెల్మా పాలు పిండడానికి ఇంతవరకూ ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఊనా జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఈ మేయో జిల్లాలో ఆ పేరు చెప్తే అదేమిటని అడిగేవాళ్ళు తక్కువ. ఈ ఊళ్ళో కాకపోతే పక్క ఊళ్ళో, ఎవరో ఒకరింట్లో అలాంటి పిల్ల ఉంటుంది. మిగతా పిల్లల ఊపిరితిత్తుల్లో పల్చగా జారే కఫం వీళ్ళకి జిగురులా అతుక్కుపోతుంది. జిగురున్న చోట క్రిములు కాపురం పెడతాయి. అందుకని పొద్దున్నే వీపు మీద, పక్కల మీద అరచేతులు గుంటగా పెట్టి తట్టాలి. తర్వాత ఉప్పునీటి ఆవిరి, తర్వాత మందు ఆవిరి. తిండిలో వెన్న రెట్టింపు వెయ్యాలి, తిన్న ప్రతిసారీ అరగడానికి మాత్రలు మింగించాలి. పాతగడ్డి ఉన్న కొట్టంలోకి పోనివ్వకూడదు. దగ్గే పిల్లల పక్కన కూర్చోనివ్వకూడదు. ఇదే జబ్బున్న ఇంకో పిల్లతో అస్సలు ఆడుకోనివ్వకూడదు, ఒకరి క్రిములు ఒకరికి అంటుకుంటాయి. ఇదంతా చేస్తే పిల్ల అందరిలాగే కనిపిస్తుంది. బుగ్గలు ఎర్రగా, నోరు వాగుతూ, కాళ్ళు ఒకచోట ఆగకుండా. అప్పుడు చుట్టాలొచ్చి అంటారు, "బంగారంలా ఉంది కదే పిల్ల, నీకే మరీ హైరానా."

ఊనా పుట్టకముందు ఫిడెల్మా జిల్లా లైబ్రరీ బండి నడిపేది. బండి నిండా పుస్తకాలతో, వానలో, ఇరుకు రోడ్లలో, స్కూళ్ళ దగ్గరా పోస్టాఫీసుల దగ్గరా ఆపుకుంటూ వెళ్ళేది. పెళ్ళికాని ముసలి రైతులు ట్రాక్టరు దిగి వచ్చి, కిందటిసారి తీసుకెళ్ళిన డిటెక్టివ్ నవల గురించి ఆమెతో దెబ్బలాడేవాళ్ళు. "హంతకుడు ఎవరో మొదటి పేజీలోనే తెలిసిపోయింది, ఇలాంటివా ఇచ్చేది?" అనేవాళ్ళు. ఆ బండిలో ఆమె పేరు ఫిడెల్మా. ఇంట్లో ఆమె ఊనా వాళ్ళమ్మ, డోనాల్ వాళ్ళావిడ, ఫోన్లో "అమ్మగారేనా అండీ మాట్లాడేది?" వసంతంలో ఆఫీసునుంచి కబురొచ్చింది. బండి నడిపేవాడు రిటైరవుతున్నాడు, వారానికి మూడురోజులు, అక్టోబరు నుంచి, వస్తావా అని. ఆ రోజు ఆమె బంగాళాదుంపలు మాడబెట్టింది.

"వెళ్ళు, నేను వద్దన్నానా?" అన్నాడు డోనాల్. "ఊనా సంగతి ఏదో ఒకటి చూసుకుని వెళ్ళు."

"రోడ్లెక్కడికీ పోవు అమ్మాయ్," అంది డెలియా. "పిల్ల ఎదిగే వయసు మళ్ళీ రాదు."

ఆఫీసులో పెద్దాయన మర్యాదస్తుడు, కుర్చీ లాగి కూర్చోమన్నాడు. "ఇంట్లో అంతా సర్దుకున్నట్టేనా? మీ ఆయనకి ఇబ్బందేం లేదు కదా?" అని అడిగాడు. లేదని చెప్పి బయటికొచ్చింది. కారులో కూర్చున్నాక తోచింది. డోనాల్ ఫుట్‌బాల్ ఒప్పుకున్నప్పుడు మీ ఆవిడకి ఇబ్బందా అని అడిగిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే ఆమె ఏం చెప్పేదో ఆమెకీ తెలియదు. అడగని ప్రశ్నకి జవాబు వెతుక్కునే అలవాటు పోయి చాలాకాలమైంది.

ఆగస్టులో, క్లినిక్కులో మామూలుగా ఊనా గొంతులోంచి దూదిపుల్లతో తీసిన నమూనా తాలూకు ఫోనొచ్చింది. చేసింది ఇమెల్డా. ఊనాని మొదటినుంచీ చూస్తున్న నర్సు, ఫిడెల్మా కన్నా పదేళ్ళు పెద్దది.

"కూర్చుని ఉన్నావా ఫిడెల్మా?"

"నేనెప్పుడు కూర్చుంటాను ఇమెల్డా, చెప్పు."

"స్యూడోమోనాస్ క్రిమి కనిపించింది. మొదటిసారే కాబట్టి కంగారుపడకు. మూడు నెలలు మందులు, నెబ్యులైజర్లో రెండు పూటలా, పైన మాత్రలు. ఇంకా వేళ్ళు దిగకముందే పట్టుకుంటే చాలామందికి పోతుంది."

"పోకపోతే?"

ఇమెల్డా అబద్ధం చెప్పే మనిషి కాదు. "పోకపోతే అక్కడే ఉండిపోతుంది. ఏడాదికి కొంచెం, ఏడాదికి కొంచెం ఊపిరితిత్తుల్ని తింటుంది. అందుకే ఇప్పుడే పోవాలి. అది తడిలో, నిలవ నీళ్ళలో పెరిగే క్రిమి. ఇంట్లో ఎక్కడైనా నీళ్ళు నిలవ ఉంటున్నాయా? స్నానాల బొమ్మలు, పూలకూజాలు, తోట పైపు? నెబ్యులైజర్ కప్పు బాగా ఆరుతోందా? తప్పు పట్టడం కాదమ్మా, అడగాలి కాబట్టి అడుగుతున్నా."

తప్పు పట్టడం కాదన్నాక కూడా ఆ ప్రశ్నలన్నీ తన చేతులవైపే వేలు చూపిస్తున్నట్టు అనిపించింది ఫిడెల్మాకి. ఫోన్ పెట్టేసి చేతులు చూసుకుంది. సబ్బుకీ వేడినీళ్ళకీ పగిలి, వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉన్నాయి.

డోనాల్ సాయంత్రం విన్నాడు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఏమైందని అడగలేదు, పిల్లకి ఎలా ఉందని అడగలేదు. "నువ్వేం చేశావు?" అన్నాడు.

"ఏం చెయ్యడమేమిటి?"

"అది కాదు, మరగబెట్టడం మానేశావా? మొన్నటినుంచి నీ మనసంతా ఆ బండి మీదే ఉంది కదా. నేనేదో అనాలని అనడం లేదు."

అనాలని అనని మాటలే మనిషి లోపలికి దిగుతాయి. ఆ వారమంతా ఫిడెల్మా తన రోజుల్ని వెనక్కి తిప్పి చూసుకుంది. జూలైలో ఒకరోజు జ్వరంతో పడుకుంది, ఆ రోజు కప్పు సరిగా ఆరిందా? లైబ్రరీ ఆఫీసుకి వెళ్ళిన పొద్దున తొందర్లో మూత తడిమీద బిగించిందా? చేశానని తెలిస్తే ఏడ్చి ఊరుకునేది. చెయ్యలేదని తెలిస్తే తలెత్తుకునేది. రెండూ తెలియక, వంటింట్లో నిలబడి తననే తాను దొంగని ప్రశ్నించినట్టు ప్రశ్నించుకుంది. ఇంట్లో నీరు నిలిచే వస్తువల్లా బయటికి పోయింది. స్నానాల బొమ్మలు చెత్తలో పడ్డాయి, ఊనా ఏడ్చింది. పూలకూజాలు కొట్టంలోకి పోయాయి. వీధి గుమ్మం పక్కన గోడకి చిన్న పింగాణీ దేవదూత ఉంటుంది, దాని దోసిట్లో పవిత్రజలం. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వేలు ముంచి శిలువ గుర్తు వేసుకుంటారు. దాన్ని కూడా ఒంపేసి, ఆరబెట్టి, బోర్లించింది.

డెలియా ముఖం మాడ్చుకుంది. "దేవుడి నీళ్ళల్లోనూ పురుగులేనా?" అంది. "పెళ్ళై ఈ ఇంటికొచ్చిన రోజునించీ ఆ దోసిలి ఎండటం నేను చూడలేదు."

"మూడు నెలలే అత్తయ్యా."

లైబ్రరీ ఆఫీసుకి ఫోన్ చేసి అక్టోబరులో రాలేనంది. కొత్త సంవత్సరం దాకా ఎవరినో తాత్కాలికంగా పెడతాం, ఆపైన ఆగడం కష్టం అన్నారు. ఆ మాట విని డోనాల్ బరువు దిగినట్టు "అదే మంచిదిలే" అన్నాడు. ఎవరికి మంచిదో చెప్పలేదు.

సగం మందులయ్యాక, అక్టోబరు మొదట్లో మళ్ళీ నమూనా తీశారు. క్రిమి అలాగే ఉంది. ఇమెల్డా గొంతులో ఈసారి తొందర వినిపించింది. "మొండికేస్తోంది. లేకపోతే మళ్ళీ మళ్ళీ ఎక్కణ్ణించో అందుతోంది. ఇంకోసారి చూడు ఫిడెల్మా, నీకు తట్టనిది ఏదైనా ఉందేమో." ఆ సాయంత్రం డోనాల్ ఏమీ అడగలేదు. తలుపు దగ్గర నిలబడి, ఆమె కప్పుని కాగితం మీద పెట్టడం, తిప్పడం, మళ్ళీ పెట్టడం చూశాడు. పోలీసు చూసినట్టు చూశాడు. దానికన్నా ఆ మాటేదో అడిగేస్తేనే నయమనుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం వాన విరుచుకుపడి గ్రౌండు చెరువైంది. ఆట లేదు కాబట్టి డోనాలే పాలు పిండటానికి వెళ్ళాడు. చాలా రోజులకి శుక్రవారం సాయంత్రం ఫిడెల్మా పిల్ల పక్కన కూర్చుంది. మందు కలిపి, కప్పులో పోసి, మూత బిగించబోయింది.

"అమ్మా, మరియమాత చుక్కలు మర్చిపోయావు," అంది ఊనా.

"ఏం చుక్కలు?"

"నాయనమ్మ వేస్తుందిగా! నీలం కిరీటం తిప్పి." ఊనా వేళ్ళు విప్పి లెక్క చూపించింది. "పితకి ఒకటి, పుత్రుడికి ఒకటి, పవిత్రాత్మకి ఒకటి. అవి లేకపోతే మందు సగమే పనిచేస్తుంది."

ఫిడెల్మా మూత పక్కన పెట్టింది. "రోజూ వేస్తుందా?"

"నువ్వు ఆవుల దగ్గరికి వెళ్ళినప్పుడు."

ఆ పూట మందు అయ్యేదాకా పిల్లకి కథ చెప్పింది. వీపు తట్టింది. కార్టూన్ పెట్టి, తలుపు వేసి, అత్తగారి గదికి వెళ్ళింది. డెలియా మంచం మీద కూర్చుని మేజోడు అల్లుతోంది. పక్క బల్లమీద ఉంది సీసా. ఈ దేశంలో ఏ ముసలావిడ గదిలోనైనా ఉండేదే, మరియమాత ఆకారంలో ప్లాస్టిక్ సీసా, నీలం కిరీటమే మూత. ఇన్నేళ్ళుగా దుమ్ము దులుపుతూ దాన్ని ఒక్కనాడూ చూడలేదు ఫిడెల్మా. ఇప్పుడు ఎత్తి దీపానికెదురుగా పట్టుకుంది. అడుగున, మాత పాదాల దగ్గర, పల్చటి ఆకుపచ్చ తెట్టు.

"ఇవి ఎక్కడి నీళ్ళు అత్తయ్యా?"

"దగ్గు బావివి. ఎక్కడివవుతాయి?" కొండవార ముళ్ళచెట్టు కింద ఉన్న ఊటకి, దగ్గు నయం చేస్తుందని ఆ పేరు. వేసవిలో ఆ బావి పండగనాడు ఊరంతా చెప్పులు విప్పి దాని చుట్టూ తిరిగి సీసాలు నింపుకుంటారు. ఒక్క సీసా ఏడాదంతా వస్తుంది. "పోయినేడు పండగకి నింపినవి. ఈయేడు పండగకి మోకాళ్ళు రాలేదు, కొత్తవి తెచ్చుకోలేకపోయాను. ఊనా మందులో మూడేసి చుక్కలు వేస్తున్నాను. ఆస్పత్రి మందుని కాదన్నానా? దానికి తోడు అంతే."

దాచిపెట్టడం కాదు, తడబడటం కాదు. ఫిడెల్మా అరుద్దామని నోరు తెరిచింది. ఏడాదికి పైగా నిలవున్న నీళ్ళు, సరాసరి పిల్ల ఊపిరితిత్తుల్లోకి, ఆవిరి చేసి మరీ. తను మరగబెట్టి, తుడిచి, ఆరబెట్టిన కప్పులోకి. "మీకు తెలుసా ఏం చేశారో? ఆ క్రిమి ఇందులోంచే వచ్చింది. నిలవ నీళ్ళు అని నేను ఇల్లంతా తిరగేస్తుంటే మీరు చూస్తూ కూర్చున్నారు."

డెలియా చేతిలో అల్లిక ఆగింది. "ఇవి నిలవ నీళ్ళెలా అవుతాయి, బావి నీళ్ళయితే?" అంది ముందు. తర్వాత ఆమె ముఖంలో రంగు పోయింది. అల్లిక పక్కన పెట్టింది.

"డోనాల్ కన్నా ముందు నాకొకడు పుట్టాడు. నీకు తెలుసా?"

ఫిడెల్మాకి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

"ఫిన్టన్. అయిదు నెలలు బతికాడు. ముద్దు పెట్టుకుంటే ఊనాలాగే పెదాలకి ఉప్పగా తగిలేవాడు. ఎంత పాలు పట్టినా ఒళ్ళు చెయ్యలేదు. చివరికి దగ్గే పట్టుకుపోయింది. నిమోనియా అన్నాడు డాక్టరు. అప్పుడు ఎవరికేం తెలుసు? పిల్లాడింకా ఉయ్యాల్లో ఉండగానే మా అత్త అందరి ముందూ అడిగింది, కిటికీ ఎందుకు తెరిచి పెట్టావని. నేను తెరవలేదు. మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, ఇది తెరవలేదమ్మా అని ఒక్కమాట అనలేదు. ఆ ఏడు వానలు, పిల్లాణ్ణి బావికి తీసుకెళ్ళలేకపోయాను. తీసుకెళ్ళి ఉంటే ఉండేవాడేమో అని ఇప్పటికీ... ఊనా జబ్బేమిటో మీరు చెప్పిన రోజే నాకు అర్థమైంది వాడిదీ అదేనని. ఇదైనా నిలవాలని వేశాను."

"నాతో చెప్పాల్సింది."

"చెప్తే వెయ్యనిచ్చేదానివా?"

"లేదు."

"మరి?"

జాలేసింది ఫిడెల్మాకి. కోపమూ పోలేదు. అప్పటి డెలియా, ఇరవై రెండేళ్ళ పిల్ల, చచ్చిపోయిన బిడ్డ ముందు నిలబడి, కిటికీ తెరవలేదని ఎవరికి చెప్పుకోవాలో తెలియక నిలబడిన పిల్ల ఆమె కళ్ళముందు కనిపించింది. ఊనా ఊపిరితిత్తులూ కనిపించాయి. రెంటిలో దేన్నీ పక్కకి నెట్టలేక మంచం కోడు పట్టుకుని నిలబడింది.

డోనాల్ తడి కోటు విప్పుతూ వచ్చాడు. ఫిడెల్మా జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను మంచం చివర కూలబడ్డాడు. సీసావైపు, తల్లివైపు చూశాడు.

"అమ్మ మంచికే చేసింది కదా," అన్నాడు. "పెద్దావిడ, ఆవిడకేం తెలుసు. దీన్ని పెద్దది చెయ్యకు ఫిడెల్మా. ఆస్పత్రిలో కూడా చెప్పకు, కొండప్రాంతం వాళ్ళమని నవ్వుకుంటారు. ఇక వెయ్యదు, అయిపోయింది."

ఫిడెల్మా ఎదురుచూసింది. ఇంకో వాక్యం వస్తుందేమోనని. నిన్ను అన్నందుకు, అని మొదలయ్యే వాక్యం. దాన్ని పూర్తి చెయ్యకపోయినా పరవాలేదనుకుంది, మొదలుపెడితే చాలు. అతను జుట్టులో నీళ్ళు దులుపుకున్నాడు.

మాట్లాడింది డెలియా. "నన్ను అడగవేంరా?"

"ఏమని?"

"దాన్ని అడిగావుగా, నువ్వేం చేశావని. రెండు నెలలు దాని చేతులవైపు చూస్తూ తిరిగావు. చేసింది నేను. నన్ను అడుగు."

"ఊరుకో అమ్మా. నువ్వు అమ్మవి."

"అది మాత్రం ఎవరు?" అంది డెలియా. తర్వాత గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. వాళ్ళాయన నలభై ఏళ్ళ కింద అనాల్సిన మాట, ఆవిడ ఆ రోజు కోడలి కోసం అన్నదనిపించింది ఫిడెల్మాకి. క్షమించిందో లేదో తెలియదు కానీ, దీపం తగ్గించి వెళ్ళేముందు దుప్పటి ఆవిడ కాళ్ళమీదికి లాగింది.

మర్నాడు ఇమెల్డాకి అంతా చెప్పింది. నవ్వలేదు ఇమెల్డా. "మా దగ్గర నువ్వు మొదటిదానివి కాదులే," అంది. "కొత్త కప్పు పంపిస్తా. మూడు నెలలూ మళ్ళీ మొదటినుంచి. ఈసారి పోవాలి ఫిడెల్మా. గట్టిగా అనుకో."

"ఇమెల్డా, ఒక మాట. ఇకనుంచి ఫలితం వస్తే నాకు చెయ్యకు. డోనాల్‌కి చెయ్యి."

"మేం ఎప్పుడూ అమ్మలకే చేస్తాం."

"తెలుసు."

తర్వాత లైబ్రరీ ఆఫీసుకి చేసి జనవరిలో వస్తానంది. ఆ రెండు పనులూ అయ్యాకే డోనాల్‌కి చెప్పింది, టీ పోస్తూ. పొద్దుటి మందు తనది, సాయంత్రం మందు అతనిది. రోజూ. కడగడం, మరగబెట్టడం, ఆరబెట్టడంతో సహా.

"మరి పాలు?"

"నేను ఇప్పుడు కూడా పిండుతూనే ఉన్నాను కదా. బండి ఉన్న రోజుల్లో నువ్వు పిండు, లేని రోజుల్లో నేను."

"మరి గ్రౌండు?"

ఫిడెల్మా టీ తాగింది. ఆ ప్రశ్నకి జవాబు తను వెతకాల్సిన పని లేదని, బహుశా పెళ్ళైన తర్వాత మొదటిసారి, ఆమెకి తోచింది. వెతకలేదు. అతను చాలాసేపు చూసి, తనే లేచి ఎవరికో ఫోన్ చేసుకున్నాడు.

మొదటి వారం నరకం. ముందు అన్నిటి పేర్లూ నేర్పింది. కప్పు తడిగా ఉండగానే మూత పెట్టాడు. రబ్బరు బిళ్ళ తిరగేసి పెట్టి, ఆవిరి రావడం లేదేమని మెషిన్‌ని తిట్టాడు. "ఇది ఆరినట్టేనా?" అని ఆమెని పిలిచాడు. లేచి వెళ్ళి ఒక్క నిమిషంలో చేసేయాలని ఆమె చేతులు లాగేవి. భర్తకి బుద్ధి చెప్పడానికి పిల్ల ఊపిరిని పందెం పెట్టానా అని భయమేసింది, నిజంగానే భయమేసింది. కొన్నాళ్ళు అతను పడుకున్నాక వెళ్ళి కప్పు వెలుగులో పెట్టి చూసింది. ఎక్కడా తడి లేదు. మూడుసార్లు తుడిచినట్టుంది. వంటింట్లో డెలియా అతని వెనకే నిలబడేది. "చుక్క ఉంది చూడు, అదిగో, అంచున. మీ ఆవిడ ఇలాగే చేసేదా?" అని కొడుకుని సతాయించేది. మరియమాత సీసాని ఆవిడే గులాబీ మొదట్లో ఒంపి, మరిగిన నీళ్ళతో కడిగి, ఖాళీగా బల్లమీద పెట్టుకుంది.

డోనాల్ గ్రౌండు వదిలాడన్న సంగతి ఊళ్ళో పాకింది. పిల్ల కోసం వదిలాడట. పూజ తర్వాత ఆడవాళ్ళు ఫిడెల్మా చెయ్యి పట్టుకుని, "ఎంత అదృష్టవంతురాలివే, అలాంటి తండ్రి ఎక్కడ దొరుకుతాడు!" అన్నారు. ఫాదర్ ప్రసంగంలో పేరు చెప్పకుండా చెప్పాడు, అందరూ డోనాల్ వైపు తిరిగి చూశారు. ఫిడెల్మా ఆరేళ్ళు చేసింది. చర్చిలో ఒక్క మెడ తిరగలేదు. ఇంటికొస్తూ కారులో ఆమెకి నవ్వాగలేదు, ఎందుకో చెప్పమంటే డోనాల్‌కి చెప్పలేకపోయింది.

జనవరిలో బండి ఎక్కింది. ముసలి రైతుల్లో ఇద్దరు పోయారు, ఉన్నవాళ్ళు "ఎక్కడికి చచ్చావు ఇన్నాళ్ళూ?" అని తిట్టి డిటెక్టివ్ నవలలు అడిగారు. అదే నెల చివర, మందులన్నీ అయిపోయాక, ఊనా గొంతులోంచి నమూనా తీశారు. ఆ వారం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. ఈసారి కూడా ఉందంటే ఇక ఉన్నట్టే.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున, ఫిడెల్మా పనికి బయల్దేరుతుండగా, దొడ్లో దూడకి పాలు పడుతున్న డోనాల్ జేబులో ఫోన్ మోగింది.

"అవును, నేనే. ఊనా నాన్నని." తర్వాత దాణా బస్తా మీద కూర్చున్నాడు. ఫిడెల్మా కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అతను ఫోన్ దించి, ఆమెవైపు చూసి, చెప్పలేక, తల అడ్డంగా ఊపాడు. క్రిమి ఉందన్నమాటే అనుకుంది ఆమె. "లేదు," అన్నాడప్పుడు. "లేదట ఫిడెల్మా. ఏమీ లేదట. పోయింది."

ఆమె వెళ్ళి అతని తల పొట్టకి హత్తుకుంది. ఇద్దరూ ఏడ్చారు. దూడ బక్కెట్టు తన్నేసి పాలన్నీ ఒలకబోసింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ నిమిషంలో ఆమెకి ఎవరి మీదా ఏ కోపమూ లేదు, ఊరికే సంతోషం.

కొంచెం తేరుకున్నాక అతను మొహం తుడుచుకున్నాడు. "మూడు నెలలు కంటి మీద కునుకు లేదు నాకు. ఎక్కడో తడి ఉండిపోయిందేమోనని లేచి లేచి చూసేవాణ్ణి. నువ్విన్నాళ్ళూ ఇలాగే ఉన్నావా?" ఆమె జవాబు చెప్పేలోగా ఇంకోటి అడిగాడు. గొంతులో నిజమైన భయం. "ఇది మళ్ళీ వస్తుందంటారు కదా. నా చేతుల్లో ఉండగా వస్తే? నన్నేమంటారు అందరూ?"

ఫిడెల్మా అతని కాలరు మీద అంటిన పాలనురగ వేలితో తీసేసింది. వెటకారం చేద్దామనుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నిన్నెవరూ ఏమీ అనరు డోనాల్. మళ్ళీ వస్తే, నేను బండి తోలుకుంటూ తిరిగినందుకు వచ్చిందంటారు. అది తెలిసే వెళ్తున్నాను."